నోటి కణాలలో జన్యు అస్థిరతను లెక్కించడం: సరిహద్దు జిల్లాల చిన్న ప్రయోగశాలలకు సమగ్ర మార్గదర్శి

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లోని తెలుగు ఇళ్ళలో పొగాకు నాలుగైదు వేషాల్లో నోటికి చేరుతుంది. తీరంలోని పల్లెల్లో నిప్పు లోపలికి పెట్టి తాగే అడ్డపొగ, కూలి పనికి వెళ్ళే మగవారి పెదవి కింద ఖైనీ, ఉదయం పళ్ళు తోముకునే వేళ ఆడవారి వేలి మీద గుడాఖు, బస్టాండుల్లో గుట్కా, వీటన్నిటి మీద కిళ్ళీ. అందువల్ల బరంపురంలో గానీ పర్లాకిమిడిలో గానీ నోరు తెరిపించి చూసే వైద్యుడికి తెల్లమచ్చ, ఎర్రమచ్చ, అంగిలి మీద బూడిదరంగు గరుకు పొర అరుదైన దృశ్యాలు కావు. ఇన్ని మచ్చల్లో ముందు ఎవరికి ముక్క తీయాలి (బయాప్సీ), ఏ చోటి నుంచి తీయాలి, ఎవరిని మూడు నెలలకొకసారి పిలిపించి చూస్తూ ఉండాలి అన్నదే చిక్కు. ఆ చిక్కులో ఒక చిన్న ప్రయోగశాల చేయగలిగిన సాయాన్ని, అంటే నోటి పొర నుంచి గీసి తీసిన కణాల్లో జన్యు అస్థిరతకు గుర్తుగా మిగిలే చిన్న డీఎన్ఏ ఉండలను, అనగా మైక్రోన్యూక్లియస్‌లను లెక్కించే పద్ధతిని, మొదటి నుంచి చివరి వరకు ఇక్కడ వివరిస్తున్నాను. దీనికి ఖరీదైన జన్యు క్రమ యంత్రాలు అక్కరలేదు. మంచి మైక్రోస్కోపు, సెంట్రిఫ్యూజు, నాలుగు రసాయనాలు, వీటన్నిటికంటే ముఖ్యంగా ఓపికగల రెండు జతల కళ్ళు కావాలి.

ముందే ఒక హెచ్చరిక చేయవలసి ఉంది. ఈ పరీక్ష క్యాన్సర్‌ను నిర్ధారించదు. రెండు వారాలు దాటినా మానని పుండు, గట్టిపడిన అంచు, కారణం తెలియని ఎర్రమచ్చ, మెడలో గడ్డ ఉన్న రోగికి ఈ లెక్క కోసం ఒక్క రోజు కూడా ఆగకుండా ముక్క పరీక్షకు పంపాలి.

లెక్కించేది దేనిని

కణం రెండుగా చీలేటప్పుడు ప్రతి క్రోమోజోము రెండు నకళ్ళూ విడిపోయి రెండు కొనలకు చేరాలి. విరిగిపోయి సెంట్రోమియర్, అంటే లాగే దారాలు పట్టుకునే చోటు, లేకుండా మిగిలిన ముక్కను ఆ దారాలు (కదురు పోగులు) లాగలేవు. ఒక్కొక్కసారి పూర్తి క్రోమోజోమే దారితప్పి వెనుకబడిపోతుంది. ఇలా వెనుకబడిన డీఎన్ఏ చుట్టూ సొంత పొర ఏర్పడి, పెద్ద కేంద్రకం పక్కన చిన్న ఉండలా నిలిచిపోతుంది. దానినే మైక్రోన్యూక్లియస్ అంటాం; సూక్ష్మకేంద్రకం అని తెలుగు పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తుంది. ఎర్ర రక్తకణాల్లో ఇలాంటి ఉండలను హోవెల్–జోలీ బాడీల పేరుతో రక్తపరీక్ష చేసేవారందరూ ఎరుగుదురు.

క్రోమోజోముల పంపకంలో వచ్చే తప్పులకూ క్యాన్సర్‌కూ సంబంధం ఉందని జర్మన్ జీవశాస్త్రవేత్త థియోడోర్ బోవెరి 1914లోనే ప్రతిపాదించాడు. ఆ తరువాత చాలాకాలం మైక్రోన్యూక్లియస్‌ను జరిగిపోయిన నష్టానికి మిగిలిన ఆనవాలుగానే చూశారు. ఇటీవలి పరిశోధనల వల్ల, దాని పొర బలహీనమైనదని, అది చిట్లినప్పుడు లోపలి క్రోమోజోము ముక్కలు చెక్కలై, అడ్డదిడ్డంగా తిరిగి అతుక్కోగలదని తెలిసింది. క్రోమోత్రిప్సిస్ అని పిలిచే ఈ విధ్వంసం అనేక కణితుల్లో కనిపిస్తుంది. కాబట్టి మనం లెక్కించే ఆ చిన్న ఉండ గతాన్ని చెప్పే గుర్తు మాత్రమే కాక, రాబోయే అస్థిరతకు బీజం కూడా కావచ్చు.

నోటి పైపొరలోని కణాలు చీలవు; చీలేవి అట్టడుగున ఉన్న మూల పొరలోనివి. అక్కడ ఏర్పడిన మైక్రోన్యూక్లియస్ కణంతోపాటు పైకి జరుగుతూ సుమారు ఒకటి నుంచి మూడు వారాల్లో ఉపరితలానికి చేరుతుంది. ఈ రోజు గీసి తీసిన కణం అంతకు ముందటి వారాల కథ చెబుతుందన్న మాట. నిన్న గుట్కా మానేశానన్న మనిషి నోటి కణాల్లో ఈ రోజే మార్పు వెతకడం వ్యర్థం.

ఎవరి నుంచి, ఏ చోటి నుంచి

శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల అంగిళ్ళను పరిశీలించి పిండ్‌బోర్గ్, మెహతా తదితరులు 1971లో ప్రచురించిన అధ్యయనం అడ్డపొగకూ అంగిలి మచ్చలకూ ఉన్న సంబంధాన్ని లోకానికి తెలియజేసింది. ఇచ్ఛాపురం దాటితే గంజాం జిల్లాయే. సరిహద్దు రాయి అలవాట్లను ఆపలేదు. 1992లో హాన్స్ స్టిచ్, ఆయన సహచరులు అడ్డపొగ తాగేవారు, ఖైనీ నమిలేవారు, గుడాఖు వాడేవారి నోళ్ళను పరిశీలించినప్పుడు, మైక్రోన్యూక్లియస్‌ల పెరుగుదల పొగాకు తగిలే చోటికే ఎక్కువగా పరిమితమై ఉందని గమనించారు. మన పనికి ఇంతకంటే ముఖ్యమైన పాఠం లేదు. అంగిలి మీద నిప్పు సెగ తగిలే మనిషికి బుగ్గ లోపల గీసి "అంతా సవ్యంగా ఉంది" అని రాసి ఇవ్వడం, ఇంటి వెనుక నిప్పంటుకుంటే ముందు వాకిలి చూసి పోవడం లాంటిది.

అందుచేత ప్రతి మనిషి నుంచి కనీసం రెండు నమూనాలు తీసుకోవాలి: ఒకటి మచ్చ ఉన్న లేదా పొగాకు ఆనే చోటి నుంచి, మరొకటి అదే నోటిలో పొగాకు తగలని చోటి నుంచి. ఖైనీ అయితే కింది పెదవి, చిగురు మధ్యనున్న గాడి. కిళ్ళీ, గుట్కా అయితే దవడన పెట్టుకునే వైపు బుగ్గ. అడ్డపొగ అయితే గట్టి అంగిలి. రెండవ నమూనా ఆ మనిషికి ఆ మనిషే పోలిక కావడానికి ఉపయోగపడుతుంది. వయస్సు, ఆహారం, రక్తహీనత లాంటివి రెండు చోట్లకూ సమానమే కదా.

ప్రశ్నలు అడిగే తీరు మీద నమూనా విలువ ఆధారపడుతుంది. "పొగ తాగుతారా?" అని అడిగితే తీరప్రాంతపు పెద్ద వయస్సు ఆడవారు చాలామంది తల అడ్డంగా ఊపుతారు. "అమ్మా, చుట్ట కాలుస్తారా? నిప్పు లోపలికి పెట్టుకుంటారా, బయటికా?" అని మామూలుగా అడిగితే, ఎన్నేళ్ళ నుంచి, రోజుకు ఎన్ని అన్నదాకా చెబుతారు. గుడాఖును పొగాకుగా లెక్కించనివారు ఉంటారు. వారికి అది పళ్ళపొడి. ఆ పేరు పెట్టి విడిగా అడగాలి. అంగీకార పత్రం ఒడియాలో ఉన్నా, ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషికి దానిని తెలుగులో చదివి వినిపించిన తరువాతే వేలిముద్ర లేదా సంతకం తీసుకోవాలి. ఫోలిక్ ఆమ్లం, బీ12 లోపం మైక్రోన్యూక్లియస్‌లను పెంచుతుంది కాబట్టి రక్తహీనతకు మందులు వాడుతున్నారా అని, రేడియేషన్ ప్రభావం కూడా ఉంటుంది కాబట్టి గత నెలరోజుల్లో పళ్ళకు గానీ తలకు గానీ ఎక్స్‌రే తీయించుకున్నారా అని, క్యాన్సర్ చికిత్స ఏదైనా జరిగిందా అని అడిగి రాసుకోవాలి.

ద్రావణాలు సిద్ధం చేసుకోవడం

కణాలను నిలువ ఉంచే బఫరును ముందుగా చేసి పెట్టుకోవాలి. ఒక లీటరుకు ట్రిస్ హైడ్రోక్లోరైడు 1.6 గ్రాములు, ఈడీటీఏ టెట్రాసోడియం లవణం 38 గ్రాములు, సోడియం క్లోరైడు 1.2 గ్రాములు. వీటిని 600 మి.లీ. స్వేదనజలంలో కరిగించి, లీటరుకు నింపి, పీహెచ్ 7కు సరిచేసి, ఆటోక్లేవులో 121 డిగ్రీల వద్ద 30 నిమిషాలు ఉంచాలి. ఈడీటీఏ ఇక్కడ అలంకారం కాదు: డీఎన్ఏను కొరికే ఎంజైములకు అవసరమైన లోహ అయాన్లను అది పట్టేసి వాటిని పని చేయనివ్వదు, బ్యాక్టీరియాను వదిలించడానికి కూడా తోడ్పడుతుంది.

5 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి, 37 శాతం గాఢ ఆమ్లం సుమారు 12 మోలార్ కాబట్టి, లీటరుకు 417 మి.లీ. పడుతుంది. నీటిలోకి ఆమ్లాన్ని సన్నని ధారగా పోయాలే తప్ప ఆమ్లంలోకి నీటిని ఎన్నడూ పోయకూడదు. పొగ బయటికి పోయే బీరువా లేని చోట కనీసం కిటికీలు తెరిచి, కళ్ళద్దాలు, చేతితొడుగులు వేసుకుని చేయాలి. స్థిరీకరణకు మూడు పాళ్ళు ఇథనాల్, ఒక పాలు గ్లేసియల్ అసిటిక్ ఆమ్లం కలిపిన ద్రావణం ఏ రోజుకారోజే తాజాగా కలపాలి. డీఎన్ఏకు రంగు పట్టించే షిఫ్ రియేజెంటు కొన్నదే మేలు. తెరిచిన సీసాను 4 డిగ్రీల వద్ద చీకట్లో దాచాలి. రంగులేకుండా గానీ లేత గడ్డిరంగులో గానీ ఉన్నంతవరకే అది పనికి వస్తుంది. గులాబీరంగు తేలిందంటే సల్ఫర్ డయాక్సైడు పోయిందని, సీసా పని అయిపోయిందని గ్రహించాలి. విద్యుత్తు గంటల తరబడి పోయే ఊళ్ళలో ఈ సీసాను ఫ్రిజ్ తలుపు అరలో కాక లోపల, మంచు సంచుల పక్కన పెట్టడం నేర్చుకున్నాం. చివరిగా, కణద్రవ్యానికి ఆకుపచ్చ రంగునిచ్చే 0.2 శాతం లైట్ గ్రీన్.

కణాలను తీయడం

రోగి చేత రెండుసార్లు నీటితో నోరు బాగా పుక్కిలింపజేయాలి. కిళ్ళీ ఎర్ర, గుట్కా పొడి, గుడాఖు జిడ్డు పోయేవరకు మూడవసారి పుక్కిలించినా తప్పు లేదు. మొదటి ఉమ్మి ఎర్రగా ఉందంటే ఆ నోటి కణాల మీద ఆ రంగే స్లైడుదాకా వస్తుంది.

చిన్న తల ఉన్న మెత్తని పళ్ళ బ్రష్షును తీసుకుని, బుగ్గ లోపలి గోడకు ఆనించి, మధ్య నుంచి బయటికి వలయాలుగా 20 సార్లు తిప్పాలి. ఒక్కొక్క చోటికి ఒక్కొక్క కొత్త బ్రష్షు. మచ్చను తాకిన బ్రష్షుతో మామూలు చోటును తాకడమంటే పోలికను చేతులారా చెరిపివేయడమే. బ్రష్షు తలను 10 మి.లీ. బఫరు ఉన్న గొట్టంలో ముంచి బాగా కదిలిస్తే ద్రావణం మసకబారుతుంది. మసకబారకపోతే కణాలు చాలినన్ని రాలేదని అర్థం.

అంగిలి దగ్గర పని వేరుగా ఉంటుంది. గట్టి అంగిలి పొర సహజంగానే కెరటిన్ పట్టి ఉంటుంది, అడ్డపొగ తాగేవారిలో అది మరింత మందమవుతుంది. అక్కడ రాలే కణాల్లో చాలావాటికి కేంద్రకమే ఉండదు. బుగ్గ నుంచి తీసినంత తేలికగా 2,000 పనికివచ్చే కణాలు దొరకవు కాబట్టి, మచ్చ మీద పుండు లేకుండా ఉంటే గీతలు పెంచి, రెండు బ్రష్షుల కణాలను ఒకే గొట్టంలో కలపాలి. రక్తం వచ్చేంత గట్టిగా మాత్రం గీయరాదు. మచ్చకు చిన్న స్పర్శకే రక్తం వస్తుంటే అది ఈ పరీక్ష స్థాయి దాటిన మచ్చ. బ్రష్షు పక్కన పెట్టి ముక్క తీయించాలి.

గొట్టం మీద పేరు రాయకూడదు, సంకేత సంఖ్య రాయాలి. ఏ సంఖ్య ఎవరిదో, ఏ చోటిదో తెలిపే పుస్తకం లెక్కించేవారి చేతికి చిక్కని చోట ఉండాలి. అలవాట్లు తెలిసిన కన్ను తనకు తెలియకుండానే ఎక్కువ చూస్తుంది.

కడగడం, స్లైడు మీదికి ఎక్కించడం

గొట్టాన్ని 581 జి బలంతో (భూమ్యాకర్షణకు 581 రెట్లు) 10 నిమిషాలు తిప్పి, పైనున్న ద్రవాన్ని తీసివేసి, తాజా బఫరు పోసి మళ్ళీ తిప్పాలి; ఇలా మొత్తం మూడుసార్లు. మన సెంట్రిఫ్యూజుల మీద జి అంకె ఉండదు, నిమిషానికి చుట్ల అంకె ఉంటుంది. రోటరు మధ్య నుంచి గొట్టం అడుగువరకు స్కేలుతో కొలిచి చూసుకోవాలి: ఆ దూరం 10 సెంటీమీటర్లయితే నిమిషానికి సుమారు 2,280 చుట్లు, 15 సెంటీమీటర్లయితే సుమారు 1,860 చుట్లు సరిపోతాయి. ఎవరో చెప్పిన చుట్ల అంకెను మరొక యంత్రానికి వాడితే కణాలు ఒకచోట చితికిపోతాయి, మరొకచోట అడుగుకు దిగవు.

కడిగిన కణాలు గుంపులుగా అంటుకుని ఉంటాయి. పిపెట్టుతో పలుమార్లు పీల్చి వదిలి, 100 మైక్రాన్ల నైలాన్ వలగుండా వడకట్టాలి. తరువాత మి.లీ.కు సుమారు 80,000 కణాలుండేట్లు పలుచన చేయాలి. కణాలు లెక్కించే గళ్ళ స్లైడు (హీమోసైటోమీటరు) లేకపోతే ఒక చుక్కను పరీక్షగా పరచి, కణాలు ఒకదానిమీద ఒకటి పడకుండా ఉన్నాయా అని చూసుకోవడం చాలు. సైటోస్పిన్ యంత్రం ఉంటే 150 మైక్రోలీటర్లు పోసి నిమిషానికి 600 చుట్ల చొప్పున 5 నిమిషాలు తిప్పితే చక్కని వలయం పడుతుంది. లేని చోట శుభ్రమైన స్లైడు మీద చుక్క వేసి, అదే పిపెట్టు మొనతో నెమ్మదిగా పరచి, గాలికి ఆరనివ్వవచ్చు. వానాకాలంలో ఈ ఆరడమే పెద్ద పని. నెమ్మదిగా ఆరిన కణాల కేంద్రకాలు ఉబ్బి ఆకారం మారుతాయి కనుక, చల్లగాలి వీచే చిన్న పంకా కింద ఆరబెట్టాలి, దీపం వేడి చూపకూడదు. ఆరిన స్లైడును ఇథనాల్–అసిటిక్ ద్రావణంలో 10 నిమిషాలు ముంచి మళ్ళీ ఆరనివ్వాలి.

రంగు: గీమ్సాతో మోసపోకూడదు

చౌకగా, చేతికి అందుబాటులో ఉంటుంది కాబట్టి చాలామంది గీమ్సాతో మొదలుపెడతారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. మొదటి వారాల్లో ఖైనీ నమిలేవారి స్లైడుల్లో నాకు కనిపించిన "పెరుగుదల" చూసి సంబరపడి, తరువాత అవే నమూనాలకు ఫ్యూల్గెన్ రంగు వేస్తే చాలా ఉండలు మాయమయ్యాయి. అవి కణం మీద అంటుకున్న బ్యాక్టీరియా, కెరాటోహయలిన్ గుళికలు, రంగు మడ్డి. గీమ్సా డీఎన్ఏను మాత్రమే ఎంచుకోదు. పైగా పొగాకు వాడే నోటిలో గుళికలూ బ్యాక్టీరియా కూడా ఎక్కువే ఉంటాయి కాబట్టి, ఈ పొరపాటు మనం వెతుకుతున్న దిక్కుకే లెక్కను తోస్తుంది. అందుకే డీఎన్ఏకు మాత్రమే పట్టే రంగు వాడాలని గట్టిగా చెబుతున్నాను: ఫ్యూల్గెన్, లేదా ఫ్లోరెసెన్సు మైక్రోస్కోపు ఉన్నవారికి అక్రిడిన్ ఆరెంజ్, డాపి.

రాబర్ట్ ఫ్యూల్గెన్ 1924లో రోసెన్‌బెక్‌తో కలిసి ప్రకటించిన పద్ధతి నేటికీ మారలేదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం డీఎన్ఏ నుంచి ప్యూరిన్ క్షారాలను ఊడదీస్తుంది, ఊడిన చోట చక్కెర మీద ఆల్డిహైడు సమూహం తెరుచుకుంటుంది, దానికి షిఫ్ రియేజెంటు పట్టి మెజెంటా రంగు తేలుతుంది. ఆర్ఎన్ఏకు ఇలా జరగదు.

క్రమం ఇది. స్లైడును 50 శాతం ఇథనాల్‌లో ఒక నిమిషం, 20 శాతంలో ఒక నిమిషం, స్వేదనజలంలో రెండు నిమిషాలు ఉంచాలి. తరువాత 5 మోలార్ ఆమ్లంలో 30 నిమిషాలు. కొళాయి ధార కింద 3 నిమిషాలు కడిగి, షిఫ్‌లో చీకట్లో 60 నిమిషాలు. మళ్ళీ 5 నిమిషాలు ధార కింద కడిగి, లైట్ గ్రీన్‌లో 30 సెకన్లు ముంచి, స్వేదనజలంతో కడిగి, ఆరబెట్టి కవర్‌స్లిప్ అంటించాలి. కేంద్రకాలు మెజెంటాలో, చుట్టూ కణద్రవ్యం లేత ఆకుపచ్చలో కనిపిస్తాయి.

ఆ 30 నిమిషాల ఆమ్లస్నానం 22 డిగ్రీల గదికి రాసిన లెక్క. మే నెలలో మన గదుల్లో 38 డిగ్రీలు ఉన్నప్పుడు ఆ ప్రతిచర్య ఎంతో వేగంగా సాగి, ఆల్డిహైడు ఏర్పడడం దాటి డీఎన్ఏయే కరిగిపోవడం మొదలవుతుంది. కేంద్రకాలు వెలిసిపోయినట్లు కనిపిస్తాయి, చిన్న మైక్రోన్యూక్లియస్‌లు కనిపించనే కనిపించవు. ఆమ్లపు పాత్రను నీటి తొట్టిలో ఉంచి, మంచు ముక్కలు వేస్తూ, థర్మామీటరుతో 22 డిగ్రీలు నిలపడం కష్టమేమీ కాదు. చలికాలంలో కొరాపుట్ కొండల మీద ఇదే తొట్టిలో గోరువెచ్చని నీరు పోయాలి.

ప్రతి దఫా స్లైడులతోపాటు ఒక అదనపు స్లైడును ఆమ్లానికి బదులు నీటిలో ఉంచి మిగతా దశలన్నీ యథాతథంగా చేయాలి. దాని మీద మెజెంటా కనిపిస్తే ఆ దఫా రంగును నమ్మరాదు.

లెక్క

ముందు తక్కువ పెద్దింపులో కణాలు విడివిడిగా పరుచుకున్న చోటు వెతుక్కుని, తరువాత నూనె వేసి 1,000 రెట్ల పెద్దింపులో చూడాలి. కణం మడతపడకుండా, అంచులు చెదరకుండా, కేంద్రకం నున్నని అంచుతో సజీవంగా ఉన్నదానినే లెక్కలోకి తీసుకోవాలి. ఒక్కొక్క నమూనాకు 2,000 కణాలు.

మైక్రోన్యూక్లియస్‌గా ఒప్పుకోవడానికి అన్ని షరతులూ కలవాలి: గుండ్రంగా గానీ కోలగా గానీ ఉండాలి, వ్యాసం పెద్ద కేంద్రకంలో మూడవ వంతు నుంచి పదహారవ వంతు మధ్య ఉండాలి, రంగు గాఢత, నేత దానితో సరిపోలాలి, అదే తలంలో స్పష్టంగా కనిపించాలి, కణద్రవ్యం లోపలే ఉండాలి, పెద్ద కేంద్రకంతో అతుకు ఉండకూడదు. సన్నని కాడతో అతుక్కుని మొగ్గలా పొడుచుకు వచ్చినదానిని న్యూక్లియర్ బడ్ అని వేరే గడిలో రాయాలి. ఫోకస్ చక్రాన్ని కొంచెం అటూ ఇటూ తిప్పినప్పుడు కేంద్రకంతోపాటు స్పష్టం కాక, దానికంటే పైన మెరిసే చుక్క రంగు మడ్డి. ఒక కణంలో మూడు నాలుగు ఉండలు కనిపిస్తే సంతోషించకుండా అనుమానించాలి. చనిపోతున్న కణంలో కేంద్రకం ముక్కలయ్యే దృశ్యం, అంటే కారియోరెక్సిస్, కొత్తవారిని ఎక్కువగా మోసగించేది ఇదే. దానికి పూర్తి కేంద్రకం ఉండదు. మెజెంటా గుళికలు చల్లినట్లుంటాయి.

వీటితోపాటు మొదటి 1,000 కణాల్లో రెండు కేంద్రకాలవి, క్రోమాటిన్ గట్టిపడినవి, ముడుచుకుపోయిన పిక్నోటిక్ కణాలు, కేంద్రకం కరిగి నీడ మాత్రమే మిగిలిన కారియోలిటిక్ కణాలు ఎన్నో కూడా రాయాలి. కణాల మరణం బాగా ఎక్కువగా ఉన్న చోట మైక్రోన్యూక్లియస్‌ల అంకె తక్కువగా రావడం మంచి వార్త కాకపోవచ్చు. దెబ్బతిన్న కణాలు లెక్కకు అందకముందే రాలిపోయి ఉండవచ్చు.

ఒకే స్లైడును ఇద్దరు విడివిడిగా లెక్కించాలి. తేడా వచ్చిన కణాల స్థానాన్ని మైక్రోస్కోపు స్టేజి కొలబద్ద చూసి రాసుకుని, ఇద్దరూ కూర్చుని చూడాలి. ఒక స్లైడుకు నాకు గంటకు పైనే పడుతుంది. రోజుకు నాలుగు దాటితే కన్ను అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది, కాబట్టి ఐదవదానిని మరునాటికి ఉంచుతాను.

అంకెను చదవడం

పొగాకు వాడని ఆరోగ్యవంతుల బుగ్గ కణాల్లో మైక్రోన్యూక్లియస్ సాధారణంగా వెయ్యి కణాలకు ఒకటి అటూ ఇటూ ఉంటుంది. ఇంత అరుదైనదానిని లెక్కించేటప్పుడు యాదృచ్ఛికం ఎంత ఆట ఆడుతుందో తెలిసి ఉండాలి. 2,000 కణాల్లో ఒక చోట 3, ఇంకొక చోట 6 వస్తే "రెట్టింపైంది" అని రాయాలనిపిస్తుంది. కానీ 3 అనే లెక్కకు 95 శాతం విశ్వాస హద్దులు సుమారు 0.6 నుంచి 8.8 వరకు, 6కు సుమారు 2.2 నుంచి 13.1 వరకు ఉంటాయి. అంటే ఆ రెండింటి మధ్య తేడా ఉందని చెప్పే అధికారం మనకు లేదు. అదే ఒకే నోటిలో మచ్చ మీద 14, ఎదుటి వైపు 4 అయితే దానిని యాదృచ్ఛికమని కొట్టివేయడం కష్టం. అలాంటిది కనిపించినప్పుడు అదే గొట్టం నుంచి రెండవ స్లైడు చేసి మరో 2,000 కణాలు చూసి, రెండింటినీ కలిపి నివేదించాలి.

పుస్తకంలో ఉన్న ఒక అంకెను గీతగా గీసి, పైన ఉన్నవారిని "ప్రమాదం", కింద ఉన్నవారిని "క్షేమం" అని విడదీయడాన్ని నేను ఒప్పుకోను. రంగు, చోటు, లెక్కించే కన్ను మారితే అంకె మారుతుంది. ప్రతి ప్రయోగశాల తన ఊరి పొగాకు వాడనివారి నమూనాలను, అన్ని వయస్సుల నుంచి, ఆడామగా ఇద్దరి నుంచి సేకరించి తన సొంత పోలికను తయారుచేసుకోవాలి. ఆ పని కాకముందు నివేదికలు ఇవ్వకపోవడం మేలు.

నివేదికలో శాతం ఒక్కటే రాయకూడదు. "అంగిలి మచ్చ: 2,000 కణాల్లో 14. ఎడమ బుగ్గ: 2,000 కణాల్లో 4. రంగు: ఫ్యూల్గెన్. ఇద్దరు పరిశీలకులు. ఈ ఫలితం క్యాన్సర్ నిర్ధారణ కాదు, మచ్చ నుంచి ముక్క పరీక్ష సూచించడమైనది" అన్న తీరులో ఉండాలి. రోగికి చెప్పేటప్పుడు "కణాల లోపల దెబ్బ తగిలిన గుర్తులు ఎక్కువగా ఉన్నాయి, అందుకే చిన్న ముక్క తీసి చూడాలి" అంటే చాలు. క్యాన్సర్ అన్న మాట స్లైడు చూసి అనకూడదు, ముక్క చూసి అనాలి. అంకె తక్కువ వచ్చినా, మచ్చ కంటికి చెడ్డదిగా ఉంటే ముక్క తీయవలసిందే.

ముక్క తీసిన తరువాత

ముక్కను తీసిన వెంటనే 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో, దాని పరిమాణానికి కనీసం పది రెట్లు ద్రవం ఉండేట్లు వేయాలి. 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలు మించకుండా నానిన తరువాత మైనపు దిమ్మ చేయాలి. రాయగడ నుంచో గుణుపురం నుంచో పంపే ముక్క బస్సులో వారం రోజులు తిరిగితే, తరువాత ఎంత పెద్ద ప్రయోగశాలలోనైనా దాని మీద జన్యు పరీక్షలు సరిగా రావు. ముక్కను ఉప్పునీటిలో గానీ స్పిరిట్‌లో గానీ పంపవద్దు. బరంపురంలో మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల, కటక్‌లో ఆచార్య హరిహర్ క్యాన్సర్ సంస్థ, విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. ఏ దిక్కుకు వెళ్ళినా నివేదికతోపాటు మైనపు దిమ్మ ఎక్కడ ఉందో రోగి దగ్గర రాసి ఉండాలి.

ఫ్యూల్గెన్ స్లైడుకు మరొక ప్రయోజనం ఉంది. ఆ రంగు గాఢత డీఎన్ఏ పరిమాణానికి అనుపాతంలో ఉంటుంది కాబట్టి, కొలిచే కెమెరా, సాఫ్ట్‌వేరు ఉన్న కేంద్రంలో అదే స్లైడు మీద కేంద్రకాల ప్లాయిడీని, అంటే క్రోమోజోముల సెట్లు ఎన్ని ఉన్నాయన్నదానిని, లెక్కించవచ్చు. మామూలు కేంద్రకాల కొలతలు రెండు సెట్ల స్థానం చుట్టూ గుమికూడతాయి, అస్థిరమైనవి ఎక్కడెక్కడో చెదురుతాయి. అయితే దీనికి ఆమ్లస్నానం ప్రతి దఫాకూ ఒకే వేడిలో, ఒకే సమయం జరిగి ఉండాలి. నీటి తొట్టి మీద అంత పట్టు పట్టడానికి ఇదొక కారణం.

జన్యు అస్థిరత అంతా ఇలా క్రోమోజోములు విరగడంగానే కనిపించదు. పెద్దపేగు, గర్భాశయ లోపలి పొర క్యాన్సర్లలో కొన్నిటికి డీఎన్ఏ నకలు తప్పులను సరిదిద్దే వ్యవస్థే పాడై ఉంటుంది. క్రోమోజోములు సరిగానే ఉంటాయి, చిన్న పునరావృత్తుల పొడవులు మాత్రం మారిపోతాయి. దానిని మైక్రోశాటిలైట్ అస్థిరత అంటారు. అక్కడ బ్రష్షు, మైక్రోన్యూక్లియస్‌లు ఏమీ చెప్పలేవు. కణితి ముక్క మీద ఆ సరిదిద్దే వ్యవస్థకు చెందిన ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 ప్రొటీన్ల రంగు పరీక్ష చేయాలి. చుట్టుపక్కల మామూలు కణాల కేంద్రకాలకు రంగు పట్టి, కణితి కేంద్రకాలకు పట్టకపోతేనే అది నష్టం కింద లెక్క. రెండింటికీ పట్టకపోతే పరీక్షే విఫలమైంది. ఈ లోపం తెలియడం వల్ల కుటుంబంలో లించ్ సిండ్రోమ్ (ఈ లోపం వారసత్వంగా వచ్చే స్థితి) కోసం వెతకవచ్చు, చికిత్స కూడా మారవచ్చు. 2017 మేలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, కణితి ఏ అవయవంలో పుట్టిందన్నదానితో నిమిత్తం లేకుండా, ఈ లోపం ఆధారంగానే పెంబ్రోలిజుమాబ్ మందుకు అనుమతి ఇచ్చింది.

మళ్ళీ నోటి దగ్గరికి వస్తే, ముక్క పరీక్షలో క్యాన్సర్ లేదని తేలినవారిని మూడు నెలల తరువాత తిరిగి పిలవాలి. అదే చోటి నుంచి, అదే రకం బ్రష్షుతో, ఈ మధ్య అలవాటు మానేశారా తగ్గించారా అని అడిగి రాసుకుని మళ్ళీ తీయాలి. పాత స్లైడును కూడా కొత్త సంకేత సంఖ్యతో కొత్తవాటి మధ్య కలిపి లెక్కించేవారికి ఇవ్వాలి. అప్పుడు పాత అంకె ఇంచుమించు మళ్ళీ వస్తే మారింది రోగి నోరు. రాకపోతే మారింది మన కన్ను. అందుకోసమే స్లైడులను ఎండ తగలని పెట్టెలో, తేమ పీల్చే గుళికలతో, కనీసం రోగిని చూస్తున్నన్నాళ్ళూ భద్రపరచాలి.